ఆ ఇద్దరి పేర్లేమిటి?

కొన్నేళ్ల కిందట మా కంపెనీవాళ్లు టీమ్ లీడ్‌లందరికీ శామీర్‌పేట దాటాక ఒక రిసార్టులో రెండు రోజుల లీడర్‌షిప్ శిక్షణ పెట్టించారు. మొదటిరోజు భోజనాలయ్యాయి. గుత్తొంకాయ, పప్పుచారు, డబుల్ కా మీఠా దిగిన కడుపుతో ఏసీ హాల్లో కూర్చుంటే కళ్లు వాటంతటవే మూతలు పడుతున్నాయి. అది కనిపెట్టారు కాబోలు, ట్రైనర్ గారు లైట్లు వేయించి, "ఒక కథ చెప్తా. వింటూ నవ్వినవాళ్ల తల ఎగిరిపోతుంది" అన్నారు.

కథ చాలామందికి తెలిసే ఉంటుంది. రెండున్నర వేల ఏళ్ల కిందట చైనాలో వూ అనే రాజ్యం, దానికి హెలూ అని రాజు. యుద్ధం గురించి 13 అధ్యాయాలు రాసిన సన్ జూ ఆయన కొలువుకి వచ్చాడు. "నువ్వు రాసిందంతా చదివాను. ఇది ఆడవాళ్ల మీద కూడా పనిచేస్తుందా?" అన్నాడు రాజు. చేస్తుందన్నాడు సన్ జూ. అంతఃపురం నుంచి 180 మందిని రప్పించారు. వాళ్లని రెండు దళాలు చేసి, రాజుకి బాగా ఇష్టమైన ఇద్దరిని చెరో దళానికీ పెద్దలుగా పెట్టి, అందరి చేతికీ ఆయుధాలిచ్చాడు. "మీ గుండె ఎటుందో, కుడిచెయ్యి ఎడమచెయ్యి ఎటున్నాయో, వీపు ఎటుందో తెలుసుగా?" అని అడిగాడు. తెలుసన్నారు. "ముందుకి అంటే గుండె ఉన్న వైపు చూడండి. ఎడమకి అంటే ఎడమచేతి వైపు. వెనక్కి అంటే వీపు వైపు." భేరి మోగింది. వాళ్లు పకపకా నవ్వారు. చెప్పింది అర్థం కాకపోతే తప్పు సేనాపతిదే అంటూ సన్ జూ మళ్లీ మళ్లీ వివరంగా చెప్పి భేరి కొట్టించాడు. మళ్లీ నవ్వారు. అర్థమయ్యాక కూడా చెయ్యకపోతే తప్పు దళపతులది అని, ఆ ఇద్దరి తలలూ నరకమన్నాడు.

పైన మండపం నుంచి చూస్తున్న రాజు హడలిపోయి కబురు పెట్టాడు. "నీ సత్తా అర్థమైంది. వాళ్లిద్దరూ లేకపోతే నాకు తిండి సయించదు, వదిలెయ్యి." సన్ జూ వినలేదు. దండులో ఉన్న సేనాపతి రాజు చెప్పిన ప్రతిదీ వినక్కర్లేదన్నాడు. తలలు తెగాయి. ఇంకో ఇద్దరిని పెద్దలుగా పెట్టి భేరి కొడితే ఒక్కరూ కిక్కురుమనలేదు. ఎడమకంటే ఎడమకి, కుడికంటే కుడికి, మోకాళ్ల మీద కూర్చోమంటే కూర్చున్నారు.

హాలంతా చప్పట్లు. తెరమీద పెద్దక్షరాల్లో 'క్లారిటీ, అకౌంటబిలిటీ' అని పడింది. అప్పుడు వెనక వరసలోంచి టెస్టింగ్ టీమ్ అమ్మాయి ఒకామె చెయ్యెత్తి అడిగింది: "సార్, ఆ ఇద్దరి పేర్లేంటి?"

ట్రైనర్ గారు ఒక్క క్షణం ఆగి, "దట్ ఈజ్ నాట్ ది పాయింట్ అమ్మా" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా తలలేం ఎగిరిపోలేదు.

ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఆ తర్వాత చాలారోజులు మెట్రోలో వెళ్తూ వస్తూ సన్ జూ పుస్తకం ఇంగ్లీషు అనువాదంలో చదివాను. అక్కడితో ఆగక, ఆ కథ అసలెక్కడిదని వెతుక్కుంటూ వెళ్లాను. పేర్లు దొరకలేదు. అవి ఎక్కడా లేవు. కానీ వెతికే పనిలో నాకు ఇంకొందరు ఆడవాళ్లు తగిలారు. వాళ్ల మాటలు విన్నాక, చైనా యుద్ధనీతి నుంచి నాయకత్వం నేర్చుకోవాలంటే సేనాపతి గుడారంలో కాకుండా ఆ ఆడవాళ్ల పక్కన కూర్చుని వినాలని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎందుకో చెప్పడానికే ఇదంతా.

ముందు సన్ జూకి న్యాయం చెయ్యాలి. ఆ పుస్తకం చాలా చిన్నది. చైనా లిపిలో దాదాపు 6,000 అక్షరాలు, అంతే. ఓ ఆదివారం మధ్యాహ్నం కునుకు మానుకుంటే అయిపోతుంది. చదివినవాళ్లకంటే ఫార్వర్డ్ చేసినవాళ్లు ఎక్కువ కాబట్టి దాని పేరుమీద ఏవేవో తిరుగుతుంటాయి. 'మిత్రుల్ని దగ్గర పెట్టుకో, శత్రువుల్ని ఇంకా దగ్గర పెట్టుకో' అన్నది మా ఆఫీసు గ్రూపులో నెలకోసారైనా సన్ జూ బొమ్మతో వస్తుంది. అది 1974లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాలో డైలాగు. 'శత్రువునీ నిన్నూ నువ్వు తెలుసుకుంటే వంద యుద్ధాల్లో వంద గెలుపులు' అన్నది నిజంగా సన్ జూదే, కానీ గెలుపు అన్న ముక్క మనవాళ్లు కలిపింది. ఆయన రాసింది, వంద యుద్ధాలు చేసినా ప్రమాదంలో పడవు అని. ఈ రెంటికీ చాలా దూరం ఉంది. గెలుపు గ్యారంటీ అనుకున్నవాడు దూకుతాడు. మునిగిపోకుండా ఉంటే చాలనుకున్నవాడు లెక్క వేసుకుంటాడు.

ఆ పుస్తకం నిండా లెక్కలే. మొదటి అధ్యాయం చివర, యుద్ధానికి బయల్దేరకముందే పూర్వీకుల గుడిలో కూర్చుని బలాబలాలు లెక్కపెట్టాలంటాడు. రెండో అధ్యాయం మొదలవడమే ఖర్చుల పట్టీతో. వెయ్యి తేలిక రథాలు, వెయ్యి బరువు బళ్లు, లక్షమంది కవచధారులు, వెయ్యి లీలు అంటే సుమారు 400 కిలోమీటర్లు మోసుకెళ్లాల్సిన తిండి. వచ్చేపోయే దూతల భోజనాల నుంచి రథాలకి పూసే జిగురూ లక్కా దాకా అన్నీ రాసి, రోజుకి వెయ్యి బంగారు నాణేలంత ఖర్చవుతుందని కూడి చూపిస్తాడు. శత్రువు పొలంలో దొరికిన ఒక కొలత ధాన్యం, ఇంటి నుంచి తెచ్చుకున్న 20 కొలతలకి సమానం అంటాడు. మోసుకొచ్చేవాళ్లు దారిలో తినాలి, ఎడ్లు తినాలి. బియ్యం లారీ కిరాయి లెక్క తెలిసిన మన ఊరి కమిషన్ వ్యాపారికి ఈ వాక్యం ఎంబీయే చదివినవాడికంటే తొందరగా అర్థమవుతుంది.

చివరి అధ్యాయంలో మళ్లీ ఇదే లెక్క ఇంకో వైపు నుంచి వస్తుంది. లక్షమంది దండు కదిలితే 7 లక్షల ఇళ్లలో వ్యవసాయం ఆగిపోతుందంటాడు. లక్షకి 7 లక్షలేమిటని నేనూ బుర్ర గోక్కున్నాను. ఆ తర్వాత ఏడు వందల ఏళ్లకి దీనికి వ్యాఖ్యానం రాసిన త్సావ్ త్సావ్, ఆయన కూడా సేనానే, విడమరిచి చెప్పాడు. పాతకాలంలో ఎనిమిది ఇళ్లు ఒక జట్టు. ఒక ఇంట్లోంచి మనిషి యుద్ధానికి పోతే మిగిలిన ఏడిళ్లూ వాళ్లని మొయ్యాలి. ఇదంతా చెప్పి సన్ జూ ఒక మాటంటాడు. ఇంతమంది ఇన్నేళ్లు అవస్థ పడుతుంటే, గూఢచారికి ఇచ్చే వంద బంగారు నాణేల దగ్గర కక్కుర్తి పడి, శత్రువు సంగతి తెలుసుకోకుండా యుద్ధం సాగదీసేవాడు మానవత్వం లేనివాడు, వాడు నాయకుడు కాడు అని. గూఢచారుల అధ్యాయంలో మానవత్వం ప్రస్తావన వస్తుందని నేనైతే అనుకోలేదు.

కాబట్టి సన్ జూ క్రూరుడు, ఆ పుస్తకం పారేద్దాం అనడం నా ఉద్దేశం కాదు. ఆయనకి ఆ ఏడిళ్లూ కనబడ్డాయి. కోపంలో దండెత్తిన రాజు గురించి చెబుతూ, కోపం పోయి సంతోషం రావచ్చు, కానీ పోయిన రాజ్యం తిరిగిరాదు, చచ్చినవాళ్లు బతికిరారు అని కూడా రాశాడు.

అయితే పదకొండో అధ్యాయం కూడా ఆయనే రాశాడు. శిక్షణ శిబిరాల తెరమీద ఇది ఎప్పుడూ పడదు. సేనాపతి సైనికుల కళ్లూ చెవులూ మూసి ఉంచాలి, తన ఆలోచన వాళ్లకి తెలియనివ్వకూడదు అంటాడు. వాళ్లని పైకి ఎక్కించి నిచ్చెన తీసెయ్యాలి. గొర్రెల మందని తోలినట్టు తోలాలి, ఇటు తోలినా అటు తోలినా ఎక్కడికి పోతున్నామో వాటికి తెలియకూడదు. పారిపోయే దారి లేని చోట పడేస్తే వాళ్లే ప్రాణాలకి తెగించి కొట్లాడతారు. నోటీసు పీరియడ్ మూడు నెలలు పెట్టినవాళ్లు దీన్ని చదివే పెట్టారో, సొంతంగా కనిపెట్టారో నాకు తెలీదు.

అదే అధ్యాయంలో, ఆ నిచ్చెన మాటకి కొంచెం పైన, ఇంకో వాక్యం ఉంది. నేను మెట్రోలో పుస్తకం మూసేసి కిటికీలోంచి బయటికి చూడాల్సి వచ్చింది. దండు కదలమని ఆజ్ఞ వచ్చిన రోజున, కూర్చున్న సైనికుల కన్నీళ్లకి చొక్కా ముందుభాగం తడుస్తుంది, పడుకున్నవాళ్ల కన్నీళ్లు చెంపల మీదుగా కారతాయి అని రాశాడు. కూర్చుంటే ఎటు కారతాయో, పడుకుంటే ఎటు కారతాయో వేరువేరుగా రాశాడంటే, చూశాడన్నమాట. చూసి, పక్కకి తిరిగి, గొర్రెల పోలిక రాసుకున్నాడు. ఇలాంటి మనిషి మనకి ఆఫీసుల్లో కూడా ఎదురవుతాడు. మనం ఏడుస్తున్నట్టు ఆయనకి తెలుసు. దాన్ని కూడా లెక్కలో వేసుకుంటాడు.

ఇక ఆ ఇద్దరి కథ ఎక్కడిదంటే, సిమా చియాన్ రాసిన షిజీ అనే మహా చరిత్ర గ్రంథంలోది. అది సుమారు క్రీ.పూ. 90 ప్రాంతంలో పూర్తయింది. అంటే హెలూ రాజుకి నాలుగు వందల ఏళ్ల తర్వాత. హెలూ కాలం గురించి వివరంగా రాసిన అంతకుముందు గ్రంథంలో సన్ జూ పేరే లేదు, అందుకని ఆ కథ జరిగిందా, అసలు ఆ మనిషి ఉన్నాడా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. 1972లో షాన్‌డాంగ్‌లో లిన్‌యీ దగ్గర సమాధుల్లో వెదురు బద్దల మీద రాసిన ప్రతులు దొరికాక కొన్ని చిక్కులు విడిపోయాయి, కొన్ని బిగుసుకున్నాయి. ఆ గొడవ నాకు పట్టదు. నాకు కావలసింది కథ చెప్పినాయన.

సిమా చియాన్ హాన్ వంశపు చక్రవర్తి వూ కొలువులో ఉద్యోగి. క్రీ.పూ. 99లో లీ లింగ్ అనే సేనాని 5,000 మంది కాల్బలంతో ఉత్తరాన షియోంగ్‌నూ అనే సంచార జాతి గుర్రపు దండు మీదికి పోయి, చుట్టుముట్టబడి, చివరికి లొంగిపోయాడు. నిన్నటిదాకా ఆయన్ని పొగిడిన కొలువంతా మర్నాడు తిట్టడం మొదలెట్టింది. (ఇది కూడా మనకి తెలిసిన దృశ్యమే.) సిమా చియాన్ ఒక్కడే, అంత తక్కువమందితో అంతసేపు పోరాడినవాణ్ని అలా అనకూడదన్నాడు. చక్రవర్తికి మండింది. పుంస్త్వం తీసెయ్యమని శిక్ష వేశారు. ఆ అవమానం కంటే చావు మేలనుకునే కాలం అది. తండ్రి మొదలుపెట్టి వదిలిపోయిన పుస్తకం పూర్తిచెయ్యాలి కాబట్టి ఆయన బతకడానికి ఒప్పుకున్నాడు.

అలాంటివాడు సేనాపతుల కథలు రాశాడు. అందుకే కాబోలు, ఆయన రాసిన కొందరు గొప్ప సేనాపతుల కథల్లో ఎక్కడో ఒక మూల ఒక గొంతు వినిపిస్తుంది. నాకు తగిలినవి ఆడగొంతులు.

సన్ జూ కథ పక్కనే, అదే అధ్యాయంలో, వూ చీ కథ ఉంది. యుద్ధనీతిలో సన్ జూ తర్వాత చెప్పే పేరు ఈయనదే. లూ రాజ్యంలో సేనాపతి పదవి వచ్చే అవకాశం ఉంటే, నీ పెళ్లాం శత్రువుల చీ రాజ్యపు ఆడపడుచు కదా అని అనుమానించారు. వూ చీ పెళ్లాన్ని చంపేసి పదవి తెచ్చుకున్నాడు. ఆవిడ పేరు కూడా రాయలేదు.

అదే వూ చీ తర్వాత వెయ్ రాజ్యంలో సేనాపతి అయ్యాడు. అక్కడ ఆయన గొప్ప నాయకుడు, అందులో సందేహం లేదు. కింది సైనికుడు ఏం తింటే అదే తినేవాడు, వాళ్లు వేసుకున్న బట్టలే వేసుకునేవాడు. పడుకోడానికి చాప పరుచుకునేవాడు కాదు. నడిచేటప్పుడు గుర్రమెక్కేవాడు కాదు. తన తిండిమూట తనే మోసుకునేవాడు. ఒక సైనికుడికి సెగ్గడ్డ లేస్తే, వూ చీ నోటితో ఆ చీము పీల్చి ఉమ్మేశాడు. సేనాపతి! మామూలు సైనికుడికి!

ఈ సంగతి ఆ సైనికుడి తల్లికి తెలిసింది. ఆవిడ ఘొల్లున ఏడ్చింది. "నీ కొడుకు మామూలు సిపాయి, అంతటి సేనాపతి వాడి చీము పీలిస్తే ఏడుస్తావెందుకు?" అన్నారు చుట్టుపక్కలవాళ్లు. ఆవిడ అంది: "అందుక్కాదు. పోయినేడు ఆయనే వీడి నాన్న పుండు కూడా ఇలాగే పీల్చాడు. ఆ మనిషి యుద్ధంలో వెనక్కి అడుగెయ్యకుండా నిలబడి చచ్చిపోయాడు. ఇప్పుడు వీడి పుండు పీల్చాడు. వీడెక్కడ చస్తాడో."

మా ట్రైనర్ గారు రెండోరోజు పొద్దున వూ చీ కథ కూడా చెప్పారు. 'సర్వెంట్ లీడర్‌షిప్' అన్నారు. తల్లి ఏడ్చిన ముక్క చెప్పలేదు. అసలు ఆ తల్లి మాట తీసేస్తే ఆ కథలో ఏముంది, ఒక మంచి బాసు. ఆ తల్లి ఉంటేనే తెలుస్తుంది, ప్రేమతో కట్టిన తాడు జీతంతో కట్టిన తాడు కంటే గట్టిదని, ఆ తాడు ఎటు లాగుతుందో కట్టించుకున్నవాడికి కనబడదని, ఇంట్లోవాళ్లకి కనబడుతుందని.

ఇది నాకు పుస్తకంలో కొత్తగా తెలిసిన విషయం కాదు. మా నాన్నకి గుండె ఆపరేషన్ అయినప్పుడు అప్పటి మా మేనేజర్ రాత్రి పదకొండింటికి ఆస్పత్రికి వచ్చాడు. అడ్వాన్సు కట్టడానికి నా కార్డులో లిమిట్ సరిపోకపోతే తన కార్డు గీకాడు. తెల్లారేదాకా నాతోపాటు ఆ ఇనప కుర్చీల్లో కూర్చున్నాడు. మా అమ్మకి టీ తెచ్చిచ్చాడు. ఆయన వెళ్లాక మా అమ్మ ఆ ఖాళీ కప్పు పట్టుకుని చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది, "బంగారంలాంటి మనిషిరా. ఇంక నిన్ను పండక్కి కూడా ఇంటికి రానియ్యడు." మాది సూర్యాపేట దగ్గర ఊరు, హైదరాబాద్ నుంచి మూడు గంటల దూరం. ఆ తర్వాత ఏడాదిన్నరలో నేను ఇంటికి వెళ్లింది నాలుగుసార్లు. ఎవరూ నన్ను ఆపలేదు. శనివారం రమ్మని ఆయన అడిగితే నా నోటికి కాదనడం రాలేదు, అంతే. ఆయన నన్ను వాడుకోవాలని ఆ రాత్రి ఆస్పత్రిలో కూర్చున్నాడని నేను ఈరోజుకీ అనుకోను. వూ చీ కూడా ప్రేమతోనే పీల్చాడేమో. తల్లికి ఆ తేడాతో పనిలేదు.

తర్వాత నేనూ లీడ్ అయ్యాను. రిలీజ్ రాత్రుల్లో నా డబ్బుతో అందరికీ బిర్యానీ తెప్పించేవాణ్ని, అమ్మాయిల్ని నా కారులో ఇంటి దగ్గర దింపేవాణ్ని. టీమంతా 'మా అన్న' అనేవాళ్లు. ఆ ప్యాకెట్ల మూతలు తీస్తున్నప్పుడు వాళ్ల అమ్మలు ఏమనుకుంటున్నారో నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇక్కడ ఎవరైనా అడగొచ్చు. అది యుద్ధం, ప్రాణాలు పోయే చోటు; ఇది ఆఫీసు; ఈ పోలిక ఎందుకు తెస్తున్నావు అని. నేను తేలేదు. తెచ్చింది మార్కెట్‌ని యుద్ధరంగం అనేవాళ్లు, పక్క కంపెనీని శత్రువు అనేవాళ్లు. ఆ పక్క కంపెనీలో మా బావమరిది పనిచేస్తాడు. ఆదివారం ఇద్దరం కలిసి నాటుకోడి తింటాం. శత్రువు ఎవరో తేలని చోట యుద్ధనీతి నేర్పిస్తే, ఆ నీతిలో సగం, అంటే శత్రువు మీద వాడే సగం, వాడకుండా మిగిలిపోతుంది. మిగిలిన సగం సొంత సైనికుల మీద వాడేది. నిచ్చెన తీసెయ్యడం, గొర్రెల్లా తోలడం, ఇద్దరి తలలు తీసి మిగతావాళ్లని నోరెత్తకుండా చెయ్యడం. ఆఫీసుల్లో నేను చూసింది ఎక్కువగా ఈ సగాన్నే.

ఇంకో తల్లి ఉంది. నా దృష్టిలో ఈ మొత్తం సాహిత్యంలో నాయకత్వం గురించి ఆవిడ మాట్లాడినంత సూటిగా ఏ సేనాపతీ మాట్లాడలేదు.

క్రీ.పూ. 260. చిన్ రాజ్యానికీ జావ్ రాజ్యానికీ చాంగ్‌పింగ్ దగ్గర యుద్ధం. జావ్ సేనాపతి లియెన్ పో ముసలివాడు, ఓపికమంతుడు. కోటగోడల వెనక కూర్చుని బయటికి రావడం మానేశాడు. చిన్ సైన్యం ఎంత కవ్వించినా కదల్లేదు. దూరం నుంచి తిండి మోసుకురావాల్సింది చిన్ వాళ్లు, ఒక కొలతకి 20 కొలతల లెక్క గుర్తుందిగా. అప్పుడు చిన్ వాళ్లు డబ్బు వెదజల్లి జావ్ రాజధానిలో ఒక పుకారు పుట్టించారు: చిన్ భయపడేది లియెన్ పోకి కాదు, జావ్ కువో సేనాపతి అవుతాడేమోనని.

జావ్ కువో పెద్ద సేనాని కొడుకు. చిన్నప్పటి నుంచీ యుద్ధశాస్త్రం కరతలామలకం. దేశంలో నా అంతవాడు లేడనుకునేవాడు. తండ్రితో వాదిస్తే తండ్రి కూడా నోరు మూసుకోవాల్సి వచ్చేది. అయినా తండ్రి ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. ఎందుకని భార్య అడిగితే, "యుద్ధమంటే చావులుండే చోటు. వీడు దాని గురించి అంత తేలిగ్గా మాట్లాడుతున్నాడు. వీణ్ని సేనాపతిని చేస్తే మన సైన్యం వీడి చేతిలోనే నాశనమవుతుంది" అని పోయాడు.

రాజు పుకారు నమ్మాడు. కువోని సేనాపతిని చేస్తున్నామన్నాడు. అప్పుడు ఆ తల్లి రాజుకి ఉత్తరం రాసింది, వద్దని. రాజు పిలిచి కారణం అడిగాడు. ఆవిడ యుద్ధం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఇంట్లో చూసింది చెప్పింది. "వాళ్ల నాన్న సేనాపతిగా ఉన్నప్పుడు తన చేత్తో అన్నం పెట్టి తినిపించినవాళ్లు పదుల్లో, స్నేహితులు వందల్లో ఉండేవాళ్లు. మీరిచ్చిన బహుమానాలన్నీ కిందివాళ్లకి పంచేసేవాడు. ఆజ్ఞ అందిన రోజు నుంచీ ఇంటి సంగతి అడిగేవాడు కాదు. వీడు సేనాపతి అయ్యీ అవగానే తూర్పుముఖంగా పెద్దపీట మీద కూర్చుని దర్బారు చేస్తున్నాడు, ఒక్క అధికారీ వాడి మొహంలోకి చూసే ధైర్యం చెయ్యట్లేదు. మీరిచ్చిన బంగారం, పట్టు ఇంట్లో దాచుకుంటున్నాడు. రోజూ ఎక్కడ పొలం బావుంది, ఎక్కడ ఇల్లు చవగ్గా వస్తుందని చూసి కొంటున్నాడు."

ఇది చదివిన రాత్రి మా ఆవిడకి చదివి వినిపించాను. తను పడీపడీ నవ్వింది. "నువ్వు లీడ్ అయిన వారమే కదా షాద్‌నగర్ వైపు ప్లాట్లు చూడ్డానికి తీసుకెళ్లావు" అంది. నిజమే. ఆ వారం నేను టీమ్‌లో ఒక్కరితోనూ విడిగా కూర్చుని మాట్లాడలేదు, నాలుగు వెంచర్లు మాత్రం చూశాను.

రాజు ఆ తల్లి మాట వినలేదు. అప్పటికే నిర్ణయం అయిపోయిందన్నాడు. "అయితే వీడివల్ల ఏం జరిగినా మమ్మల్ని శిక్షించనని మాటివ్వండి" అంది. ఇచ్చాడు.

మనకి ఉత్తరకుమారుడి ప్రగల్భాలు అని ఒక మాట ఉంది. విరాటుడి కొడుకు, అంతఃపురంలో ఆడవాళ్ల ముందు కోతలు కోసి, కౌరవసేన కంటబడగానే రథం దూకి పారిపోబోయినవాడు. కువో కథ వినగానే మొదట నాకు వాడే గుర్తొచ్చాడు. కానీ సరిగ్గా చూస్తే ఇద్దరికీ పోలికే లేదు. ఉత్తరుడికి నిజం కనబడగానే వణుకు పుట్టింది. ఆ వణుకే వాణ్ని కాపాడింది. రథం దిగి పరిగెత్తబట్టే బృహన్నల వెంటపడి పట్టుకుంది, తను విల్లందుకుంది, వాడు పగ్గాలు పట్టాడు. కువోకి ఆ వణుకు రాలేదు. పిరికివాడు కాడు, పుస్తకం తెలియనివాడూ కాడు. మనం ఆఫీసుల్లో భయపడాల్సింది ఉత్తరుళ్లకి కాదు. వాళ్లు మొదటి ఎస్కలేషన్‌కే సెలవు పెడతారు.

వెళ్లగానే కువో పాత పద్ధతులన్నీ మార్చేశాడు, అధికారుల్ని మార్చేశాడు, కోట దాటి దాడికి దిగాడు. చిన్ వాళ్లు ఈలోపు గుట్టుగా తమ సేనాపతిని మార్చి బై చీని పెట్టారు. బై చీ ఓడిపోతున్నట్టు వెనక్కి జరిగాడు. కువో తరుముకుంటూ పోయాడు. వెనకనుంచి 25,000 మంది దారి మూసేశారు. తిండి ఆగిపోయింది. 46 రోజులు. లోపల మనుషుల్ని మనుషులు చంపుకు తినే దాకా వచ్చింది. చివరికి కువో మేటి సైనికుల్ని తీసుకుని ముందు తనే కలబడి బాణాలకి కూలిపోయాడు. మిగిలినవాళ్లు లొంగిపోయారు. 4 లక్షల మంది అని షిజీ అంటుంది. అంతమంది ఉండరని నేటి చరిత్రకారులు చాలామంది అనుమానిస్తారు. బై చీ వాళ్లని నమ్మించి, అందరినీ చంపి పూడ్చేశాడు. బాగా చిన్నపిల్లలు 240 మందిని మాత్రం వదిలేశాడు, ఊళ్లకి పోయి ఏం జరిగిందో చెప్పమని.

రాజు మాట తప్పలేదు. ఆ తల్లిని ఏమీ చెయ్యలేదు.

ఓడినవాడి కథని చైనావాళ్లు 'కాగితం మీద యుద్ధం' అనే నానుడిగా దాచుకున్నారు. గెలిచినవాడి సంగతి మనవాళ్లు పెద్దగా చెప్పరు. మూడేళ్లు తిరిగేసరికి చిన్ రాజుకి బై చీ మీద కోపమొచ్చింది. కత్తి పంపి, నిన్ను నువ్వు పొడుచుకో అన్నాడు. "నేనేం పాపం చేశానని?" అని మొదట అనుకున్నాడట బై చీ. కాసేపాగి, "చాంగ్‌పింగ్‌లో లొంగిపోయినవాళ్లని మోసం చేసి పూడ్చాను. చావడానికి అది చాలు" అన్నాడని రాసి ఉంది. కిందటి యుద్ధాల లాభనష్టాలన్నీ లెక్కకట్టగలిగినవాడికి ఈ ఒక్క పద్దు గుర్తురావడానికి కత్తి చేతికి రావాల్సి వచ్చింది.

ఆ యుద్ధం జరిగిన చోటు ఇప్పుడు షాన్‌షీ రాష్ట్రంలో గావ్‌పింగ్ అనే ఊరి పరిసరాలు. 1995లో అక్కడి పొలాల్లో తవ్వితే గుంతలో ఒకదానిమీద ఒకటి పడేసిన అస్థిపంజరాలు వందకి పైగా బయటపడ్డాయి. ఆ ఊరి వంట ఒకటి ఉంది. టోఫు ముక్కల్ని నిప్పులమీద పైన గోధుమరంగు వచ్చేదాకా కాలుస్తారు. తర్వాత ఉడకబెడతారు. అల్లం, వెల్లుల్లి, సోయా పిప్పి కలిపి నూరిన ముద్ద పక్కన పెట్టి నంచుకు తినమంటారు. ఆ ముక్కలు బై చీ మాంసం. ఆ ముద్ద ఆయన మెదడు. 2,280 ఏళ్లు దాటాయి, ఇంకా కాల్చుకు తింటూనే ఉన్నారు.